విడాల్ పాజిటివ్ అన్నారు, టైఫాయిడ్ మందు వాడాం, జ్వరం తగ్గలేదు. ఎందుకని?

నాగావళి ఒడ్డు

మాది రాయగడ. వానాకాలంలో మా తమ్ముడికి జ్వరం తగులుకుంది. తలనొప్పి, ఒళ్లునొప్పులు, సాయంత్రమయ్యేసరికి చలి. ఊళ్లోనే రక్తపరీక్ష చేయించాం. విడాల్ పాజిటివ్, ఓ 1:160, హెచ్ 1:160 అని రాసి, కింద ఎర్ర సిరాతో గీత కొట్టి ఇచ్చారు. టైఫాయిడ్ అన్నారు. సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. జ్వరం దిగలేదు సరికదా, దగ్గూ ఆయాసమూ తోడయ్యాయి. విశాఖపట్నం తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు గారు కాగితాలు పక్కన పెట్టి, ముందు వాడి చొక్కా విప్పించి ఒళ్లంతా వెతికారు. చంకలో నల్లటి చెక్కు కట్టిన చిన్న పుండు కనిపించింది. నొప్పి లేదు కాబట్టి అది అక్కడ ఉన్నట్టు వాడికే తెలియదు. స్క్రబ్ టైఫస్ అని చెప్పి డాక్సీసైక్లిన్ ఇచ్చారు. ఆ మందు పడ్డాక జ్వరం ఇట్టే దిగిపోయింది.

నా బాధ ఇది. టైఫాయిడ్ లేనివాడికి టైఫాయిడ్ పరీక్ష పాజిటివ్ ఎలా వచ్చింది? సెఫ్ట్రియాక్సోన్ అంత బలమైన ఇంజెక్షన్ కదా, దానికి లొంగని జబ్బు మామూలు మాత్రకు ఎలా లొంగింది? తెలిసినవాళ్లు విడమరచి చెప్పండి. మా చుట్టుపక్కల ఇంకా ఎంతమందికి ఇదే జరుగుతోందో అని మనసు కుదుటపడడం లేదు.

జయపురం ల్యాబు

నాగావళి అక్కా, మీ మొదటి ప్రశ్నకు నేను చెబుతాను. ఈ పరీక్ష రోజూ నా చేతుల మీదుగానే జరుగుతుంది.

విడాల్ బ్యాక్టీరియాను పట్టుకునే పరీక్ష కాదు. బ్యాక్టీరియా మీద ఒళ్లు ఎప్పుడో తయారుచేసుకున్న యాంటీబాడీలను పట్టుకునే పరీక్ష. 1896 నుంచి ఉన్నది. టైఫాయిడ్ కలిగించే సాల్మొనెల్లా ఉపరితలం మీద రెండు గుర్తులు ఇందులో లెక్కకు వస్తాయి. ఓ అంటే దాని బయటి పొర నుంచి బయటికి పొడుచుకు వచ్చే చక్కెర గొలుసులు. హెచ్ అంటే అది ఈదడానికి వాడే కశాభాలు, అంటే సన్నటి తోకలు. మా దగ్గరున్న సీసాలో చంపిన బ్యాక్టీరియా ఉంటుంది. దానికి రోగి సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు, కలుపుతాం. యాంటీబాడీలు ఉంటే బ్యాక్టీరియా ముద్దకడుతుంది. సీరాన్ని 160 రెట్లు పలచన చేసినా ముద్దకడితే 1:160 అని రాస్తాం.

ఆ యాంటీబాడీలు ఈ వారం పుట్టినవో, రెండేళ్ల కిందటివో ముద్ద చెప్పదు. పైగా ఆ ఓ చక్కెరల్లో కొన్ని టైఫాయిడ్‌కు సంబంధం లేని వేరే సాల్మొనెల్లాల మీద కూడా ఉంటాయి. కలుషితమైన నీళ్లు తాగక తప్పని మన వైపు, ఏ జబ్బూ లేని మనిషి రక్తంలోనూ ఎంతో కొంత ముద్దకడుతుంది. వారం, పది రోజుల తేడాతో రెండుసార్లు రక్తం తీసి, రెండోసారి నాలుగు రెట్లు పెరిగిందని చూస్తే దానికి విలువ ఉంది. ఒక్కసారి స్లైడు మీద చూసి ఎర్ర గీత కొడితే విలువ లేదు. అసలు చేయించాల్సింది బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష, అది కూడా యాంటీబయాటిక్ వేయకముందు.

గుణుపురం మందులకొట్టు

జయపురం గారూ, చదవడానికి బాగుంది. మా పక్క కొండ ఊళ్లలో బ్లడ్ కల్చర్ ఎక్కడుంది? సీసా పంపాలంటే బరంపురమో శ్రీకాకుళమో పోవాలి. ఫలితం రావడానికి రోజులు పడుతుంది. మనిషి ఎదురుగా వణుకుతూ కూర్చుంటే డాక్టరు ఏం చేయాలి? విడాల్ చవక, అరగంటలో తేలుతుంది. అది చూసి మందిస్తే టైఫాయిడ్ నుంచి బయటపడ్డవాళ్లు ఎందరో ఉన్నారు. కల్చర్ చేసినా టైఫాయిడ్ ఉన్నవాళ్లందరిలో అది దొరకదని కూడా చెప్పండి.

మహేంద్రతనయ

మాది పర్లాకిమిడి. బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యాను. మందులకొట్టు బాబూ, నువ్వు చెప్పిన ఇబ్బంది నిజమే. కానీ విడాల్ చూసి మందిస్తే తగ్గినవాళ్లలో అసలు టైఫాయిడ్ ఎందరికి ఉందో, వైరల్ జ్వరం దానంతటదే తగ్గింది ఎందరికో ఎవరు లెక్క చూశారు? తగ్గినవాడు నీ కొట్టుకు వచ్చి చెబుతాడు. తగ్గనివాడు ఈ అమ్మాయి తమ్ముడిలా విశాఖ బండి ఎక్కుతాడు.

జయపురం ల్యాబు

కల్చర్‌లో సగం దాకా తప్పిపోతాయి, మందులకొట్టు గారి మాట నిజం. నా వాదన ఒక్కటే. పరీక్ష కాగితం ఒకటి చేతికి రాగానే మిగతా ఆలోచన ఆపేయకూడదు. వానాకాలంలో, పొదల్లో తిరిగే మనిషికి జ్వరం వస్తే చంకలు, గజ్జలు, మొలతాడు కింద, చెవి వెనక చూడడానికి ఖర్చు లేదు. దానికి ల్యాబు కూడా అక్కర్లేదు. నల్ల చెక్కు అందరిలోనూ కనిపించదు కాబట్టి కనిపించకపోయినా అనుమానం ఉంటే స్క్రబ్ టైఫస్ ఐజీఎం ఎలైజా అనే రక్తపరీక్ష చేయించాలి.

సూక్ష్మదర్శిని, బరంపురం

రెండో ప్రశ్న నా పాఠమే. కాలేజీలో మైక్రోబయాలజీ చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

సెఫ్ట్రియాక్సోన్ పెన్సిలిన్ జాతి మందు. ఈ జాతి మందులన్నీ ఒకే చోట దెబ్బ కొడతాయి. బ్యాక్టీరియా కణం చుట్టూ పెప్టిడోగ్లైకాన్ అనే గోడ ఉంటుంది. చక్కెర గొలుసులను చిన్న ప్రోటీన్ ముక్కలతో అడ్డంగా కుట్టిన గోడ అది. మన కణాలకు అది లేదు కాబట్టే ఈ మందు మనల్ని వదిలి దాన్ని చంపగలుగుతుంది. బ్యాక్టీరియా పెరిగేటప్పుడు గోడను కుట్టే ఎంజైములు ఉంటాయి. సెఫ్ట్రియాక్సోన్ వాటికి అతుక్కుని కుట్టు పడనివ్వదు. లోపలి ఒత్తిడికి కణం పగిలిపోతుంది.

1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ బెర్లిన్‌లో పనిచేస్తూ వేసిన రంగు ఈ గోడ మందాన్నే చూపిస్తుంది. మందపాటి గోడ ఉన్నవి ఊదా రంగును పట్టి ఉంచుతాయి, వాటిని గ్రామ్ పాజిటివ్ అంటాం. గోడ పలచగా ఉండి, దాని పైన ఇంకొక కొవ్వు పొర ఉన్నవి ఆ రంగును వదిలేసి గులాబీ రంగు పట్టుకుంటాయి, అవి గ్రామ్ నెగెటివ్. టైఫాయిడ్ బ్యాక్టీరియా రెండో రకం. జయపురం గారు చెప్పిన ఓ చక్కెరలు ఆ కొవ్వు పొరలోని లైపోపాలిశాకరైడ్ అనే పదార్థానికి పై చివర. ఆ పదార్థం అడుగు భాగమే మన రక్తంలో పడితే జ్వరం, రక్తపోటు పడిపోవడం లాంటివి తెచ్చే ఎండోటాక్సిన్.

ఇప్పుడు స్క్రబ్ టైఫస్ సంగతి. దాన్ని కలిగించేది ఓరియన్షియా సుట్సుగముషి. పొదల్లో ఉండే చిన్న నల్లి జాతి పురుగు పిల్లలు కుట్టినప్పుడు ఒంట్లోకి వస్తుంది. దానికి లైపోపాలిశాకరైడ్ లేదు. పెప్టిడోగ్లైకాన్ కూడా చాలా కొద్దిగా, గోడ అనడానికి వీల్లేనంతే ఉంటుంది. గోడ లేని చోట గోడను కూల్చే మందు ఏం చేస్తుంది? అంతే కాదు, అది మన రక్తనాళాల లోపలి కణాల్లో దూరి, అక్కడే పిల్లలు పెడుతుంది. సెఫ్ట్రియాక్సోన్ మన కణాల లోపలికి సరిగా చేరదు. డాక్సీసైక్లిన్ కణంలోకి వెళ్తుంది, బ్యాక్టీరియా ప్రోటీన్ తయారీని ఆపుతుంది, గోడ ఉన్నా లేకున్నా దానికి పట్టింపు లేదు. అక్కా, బలమైన మందు, బలహీనమైన మందు అని వరుసలో పెట్టే అలవాటు వల్లనే మన వాళ్లు నష్టపోతున్నారు. మందు దేనికి తగులుతుందో, శత్రువు దగ్గర అది ఉందో లేదో చూడాలి.

నాగావళి ఒడ్డు

ఈ మాట ఒక్కరైనా ఆ రోజు చెప్పి ఉంటే! మేము ఇంకా ఖరీదైన ఇంజెక్షన్ రాయండి అని బతిమాలుతూ కూర్చున్నాం.

వంశధార విద్యార్థి

మేడం, నేను బీఎస్సీ రెండో సంవత్సరం. గోడ మందంగా ఉన్న గ్రామ్ పాజిటివ్ కదా చంపడం కష్టం కావాలి? మరి ఆసుపత్రుల్లో అందరూ గ్రామ్ నెగెటివ్ అంటేనే భయపడతారు ఎందుకు?

సూక్ష్మదర్శిని, బరంపురం

పరీక్షలో అడగాల్సిన ప్రశ్న. గోడ మందమైనా చిల్లులున్న అల్లిక, మందు సులువుగా లోపలికి పోతుంది. గ్రామ్ నెగెటివ్ పైన ఉన్న కొవ్వు పొరే అసలు కాపలా. దాంట్లో పోరిన్లు అనే సన్నటి దారులుంటాయి. చిన్న అణువులే పడతాయి. వాంకోమైసిన్ పెద్ద అణువు, ఆ దారుల్లో పట్టదు. అందుకే గ్రామ్ పాజిటివ్ అయిన స్టెఫిలోకాకస్‌ను చంపే వాంకోమైసిన్, గ్రామ్ నెగెటివ్ అయిన ఈ.కోలైని ఏమీ చేయలేదు. కొన్ని జాతులు ఆ దారులను కూడా తగ్గించేసుకుంటాయి, లోపలికి వచ్చిన మందును పంపుతో బయటికి తోసేస్తాయి. భయం అక్కడ.

నాగావళి ఒడ్డు

ఇంకొక్కటి. ఇంట్లో పిల్లలకు టైఫాయిడ్ టీకా వేయిద్దామనుకుంటున్నాం. వేయిస్తే తరువాత ఎప్పుడు జ్వరం వచ్చినా ఈ విడాల్ పాజిటివ్ అనే చూపిస్తుందా?

జయపురం ల్యాబు

ఇప్పటి టీకాతో ఆ ఇబ్బంది లేదు. పాతకాలంలో చంపిన బ్యాక్టీరియా మొత్తాన్ని ఎక్కించేవారు, దానితో ఓ, హెచ్ రెండూ పెరిగేవి. ఇప్పటి టీకాలో ఆ బ్యాక్టీరియాది ఉండేది వీఐ అనే చక్కెర మాత్రమే.

టైఫాయిడ్ బ్యాక్టీరియాకు ఓ చక్కెరల పైన ఇంకొక పలచని తొడుగు ఉంది, అదే వీఐ. 1934లో ఫెలిక్స్, పిట్ దాన్ని గుర్తించారు. రోగి నుంచి అప్పుడే పెంచిన బ్యాక్టీరియాకు ‘ఓ’ యాంటీబాడీలున్న సీరం కలిపితే ఒక్కోసారి ముద్దకట్టదు. ఎందుకంటే వీఐ పైన కప్పేసి ఉంటుంది. వేడి చేసి ఆ తొడుగు పోగొడితే అప్పుడు ముద్దకడుతుంది. ఒంట్లోనూ ఇదే ఆట. ఓ చక్కెరలు, ఎండోటాక్సిన్ కింద దాగి ఉంటే మన రక్షక కణాలు ఉలిక్కిపడవు. అందుకే టైఫాయిడ్ పేగుల్లో పెద్ద గొడవ చేయకుండా నిదానంగా రక్తంలోకి ఎక్కి, మెట్టు మెట్టుగా జ్వరం పెంచుతుంది. పాడైన తిండితో వచ్చే మామూలు సాల్మొనెల్లాలకు వీఐ లేదు, కాబట్టి అవి ఒక్క రోజులోనే వాంతులు, విరేచనాలు తెస్తాయి.

సూక్ష్మదర్శిని, బరంపురం

దానికి ఒక ముక్క చేరుస్తాను. ఉత్త వీఐ చక్కెరను రెండేళ్లలోపు పిల్లల ఒళ్లు సరిగా గుర్తుపెట్టుకోదు. చక్కెరకు ఒక ప్రోటీన్‌ను జోడిస్తే గుర్తుపెట్టుకుంటుంది. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ చేసిన టైప్‌బార్ టీసీవీ అలాంటిది, ఆరు నెలల పిల్లల నుంచి వేయొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 చివర దానికి ఆమోదం ఇచ్చింది.

గుణుపురం మందులకొట్టు

ఆ టీకా వేయించుకున్న ఇంట్లోనే మళ్లీ టైఫాయిడ్ వచ్చిందని నా కొట్టుకు వచ్చి దెబ్బలాడినవాళ్లు ఉన్నారు. దానికేమంటారు?

జయపురం ల్యాబు

రెండు సంగతులు. ఒకటి, అది టైఫాయిడ్ అని ఎలా తేలింది? విడాల్‌తోనే అయితే మళ్లీ మొదటికి వచ్చాం. రెండు, పారాటైఫాయిడ్ ఏ అని దాని చుట్టం ఒకటుంది. జ్వరం అచ్చం టైఫాయిడ్ లాగే ఉంటుంది. దానికి వీఐ తొడుగు లేదు, కాబట్టి వీఐ టీకా దాన్ని ఆపలేదు. వచ్చినవాళ్లకు ఈ మాట చెప్పండి, దెబ్బలాట తగ్గుతుంది.

ప్రాణహిత తల్లి

మాది సిరోంచ, గడ్చిరోలి జిల్లా. మీరు టీకాల మాట ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. మా పాపకు సికిల్ సెల్. పుట్టిన ఏడాదిలోనే తేలింది. డాక్టరు గారు రోజూ పెన్సిలిన్ మాత్ర వేయమన్నారు, జబ్బు లేకపోయినా సరే వేయమన్నారు. మా అత్తగారు, తోటికోడళ్లు ‘బాగున్న పిల్లకు రోజూ మందేమిటి, ఒళ్లు గుల్ల అవుతుంది’ అని నన్ను దోషిని చేస్తున్నారు. ఈ పెన్సిలిన్ సికిల్ సెల్‌కు మందు కాదని నాకు తెలుసు. మరి దేనికి? వాళ్లకు అర్థమయ్యేలా నేనేం చెప్పాలి?

సూక్ష్మదర్శిని, బరంపురం

తల్లీ, ఆ మాత్ర ఆపకండి. ముందు ఆ మాట, తరువాత కారణం.

న్యూమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే న్యూమోకాకస్ అనే బ్యాక్టీరియాకు గోడ పైన క్యాప్సూల్ అనే మందపాటి చక్కెర పొర ఉంటుంది. బెండకాయ జిగురులా జారిపోయే పొర. మన తెల్ల కణాలు దాన్ని పట్టి మింగబోతే పట్టు దొరకదు. ఆ పొరే దాని ప్రాణం. 1928లో గ్రిఫిత్ ఎలుకల మీద చూపించాడు: క్యాప్సూల్ ఉన్న నునుపు రకాన్ని ఎక్కిస్తే ఎలుక చచ్చింది, క్యాప్సూల్ పోయిన గరుకు రకాన్ని ఎక్కిస్తే బతికింది. బ్యాక్టీరియా అదే, పైపొర ఒక్కటే తేడా. గరుకు రకానికి నునుపు రకం శవాలను కలిపితే అది కూడా క్యాప్సూల్ తయారుచేయడం నేర్చుకుంది. అలా నేర్పింది డీఎన్ఏ అని 1944లో ఏవరీ బృందం తేల్చింది. వంశస్మృతి డీఎన్ఏలో ఉందని లోకానికి తెలిసింది ఈ జిగురు పొర పుణ్యమే.

క్యాప్సూల్ ఉన్న బ్యాక్టీరియాను రక్తంలోంచి వడకట్టే పని ముఖ్యంగా ప్లీహానిది. సికిల్ సెల్ పిల్లల్లో కొడవలి ఆకారపు రక్తకణాలు ప్లీహంలోని సన్నటి నాళాలకు అడ్డుపడి, అది చిన్న వయసులోనే పనికిరాకుండా పోతుంది. అప్పుడు ఇతర పిల్లలకు జలుబుతో పోయే న్యూమోకాకస్, మీ పాపకు గంటల్లో రక్తమంతా పాకగలదు. ఆ ఖాళీని పెన్సిలిన్ మాత్ర పూడుస్తుంది. 1986లో అమెరికాలో సికిల్ సెల్ పిల్లల మీద జరిగిన పరీక్షలో రోజూ పెన్సిలిన్ తీసుకున్నవాళ్లలో ఈ ఇన్ఫెక్షన్ 84 శాతం తగ్గింది. సాధారణంగా ఐదేళ్లు నిండేదాకా ఇస్తారు, ఆ పైన కొనసాగించాలా వద్దా అనేది మీ డాక్టరు చెబుతారు.

న్యూమోకాకస్‌ను ఆపే పీసీవీ టీకా ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు వేస్తారు. 2021 నుంచి దేశమంతా ప్రభుత్వమే ఉచితంగా వేస్తోంది. అది ఈ జిగురు చక్కెరల మీదే తయారైనది. అయితే న్యూమోకాకస్‌లో తొంభైకి పైగా రకాల క్యాప్సూళ్లు ఉన్నాయి, టీకాలో కొన్నే ఉంటాయి. కాబట్టి టీకా వేశాం కదా అని మాత్ర ఆపకూడదు. రెండేళ్లు నిండాక ఇంకొక టీకా ఉంటుంది, అడగండి. జ్వరం వస్తే మాత్రం రేపు చూద్దాం అనుకోవద్దు. అదే రాత్రి తీసుకెళ్లండి.

ప్రాణహిత తల్లి

మేడం, ఇది మా అత్తగారికి చదివి వినిపిస్తాను. ఆవిడకు పాప అంటే ప్రాణం, మందంటేనే భయం. ప్రాణహిత వంతెన పడ్డాక రాత్రిపూట కూడా అవతలికి వెళ్లగలుగుతున్నాం, అది మా అదృష్టం.

మల్కన్‌గిరి మిత్రుడు

మా జిల్లాలోనూ సికిల్ సెల్ ఇళ్లు చాలా ఉన్నాయి. ఒళ్లునొప్పులకు రక్తం ఎక్కించడం అందరికీ తెలుసు. పెన్సిలిన్ సంగతి చాలామందికి చెప్పనే చెప్పరు. ఈ పోస్టును మా ఆశా కార్యకర్తల గుంపులో పెడతాను.

కాశీపూర్ రోడ్డు

పైపొరల గురించి ఇంత మాట్లాడుతున్నారు, మా కలరా సంగతి కూడా చెప్పండి. నేను కాశీపూర్ వైపు రోడ్డు పనుల్లో ఉంటాను. 2007లో ఇక్కడ కలరా ఎంతమందిని పొట్టన పెట్టుకుందో ఇప్పటికీ చెప్పుకుంటారు. 2022 వానల్లో మళ్లీ వచ్చింది. వాగు పక్క చెలమ తీసి నీళ్లు తోడుకుంటారు. ఆ బ్యాక్టీరియా మనుషులు లేనప్పుడు ఎక్కడ బతుకుతుంది?

మహేంద్రతనయ

నాకు తెలిసినంత చెబుతాను, మేడం గారు సరిచూడాలి. విబ్రియో అనే కలరా బ్యాక్టీరియా నీళ్లలో ఒంటరిగా తేలుతూ ఉండడమే కాక, కంటికి ఆనీ ఆనని రొయ్య జాతి జీవుల పెంకులకు అతుక్కుని ఉంటుంది. మా నాయనమ్మ చెరువు నీళ్లు తెచ్చాక పాత నూలు చీరను మడతలు వేసి బిందె మూతికి కట్టి వడపోసేది. బంగ్లాదేశ్ పల్లెల్లో అదే పని చేయించి చూస్తే కలరా 48 శాతం తగ్గిందని 2003లో ప్రచురించారు. బ్యాక్టీరియా ఆ చీర రంధ్రాల్లోంచి సులువుగా దూరిపోతుంది. కానీ అది అతుక్కున్న జీవి దూరలేదు.

సూక్ష్మదర్శిని, బరంపురం

సరిగ్గా చెప్పారు మాస్టారూ. ఆ పెంకు కైటిన్ అనే పదార్థం. విబ్రియో ఉపరితలం మీద కైటిన్‌ను పట్టుకునే ప్రోటీన్లు, నూలుపోగుల్లాంటి పిలై ఉన్నాయి. మన పేగు గోడను పట్టుకోవడానికి కూడా అలాంటివే వాడుకుంటుంది. పట్టు దొరక్కపోతే విరేచనంతో కొట్టుకుపోవాల్సిందే.

గుణుపురం మందులకొట్టు

మాస్టారూ, ఇది ప్రమాదకరమైన సలహా. చీరతో వడపోస్తే చాలనుకుని కాచడం మానేస్తారు. నా కొట్టులో క్లోరిన్ బిళ్లలు అడిగేవాళ్లే తక్కువ.

మహేంద్రతనయ

చాలని నేను అనలేదు బాబూ. కట్టెలు తడిసి, బిళ్లలు అందని రోజున ఏమీ చేయకుండా తాగడం కంటే కనీసం నాలుగు మడతల పాత చీర మేలు. కాచగలిగినప్పుడు కాచాలి, బిళ్ల ఉంటే వేయాలి. విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ పట్టించాలి. ఈ విషయంలో నీకూ నాకూ తగాదా లేదు.

జయపురం ల్యాబు

కలరా విషయంలో పైపొర ఎంత ముఖ్యమో చెప్పే చరిత్ర మన దగ్గరే జరిగింది. అంతవరకు పెద్ద కలరాలన్నీ ఓ1 అనే రకంతోనే. 1992లో మద్రాసులో కొత్త రకం కనిపించింది, తరువాత కలకత్తా, బంగ్లాదేశ్. ఓ1ను పట్టే సీరంతో ముద్దకట్టలేదు. విషం అదే, పై చక్కెరలు మారాయి, పైగా క్యాప్సూల్ ఒకటి తొడుక్కుంది. ఓ139 అని నంబరిచ్చారు. ఓ1 కలరా వచ్చిపోయి రక్షణ ఉన్న పెద్దవాళ్లు కూడా దానికి పడిపోయారు.

వంశధార విద్యార్థి

మరి క్షయ? మా మామయ్యకు ఆరు నెలల మందులు ఇచ్చారు. న్యూమోనియాకు వారం చాలు కదా.

సూక్ష్మదర్శిని, బరంపురం

క్షయ బ్యాక్టీరియా గోడ మీద మైకోలిక్ ఆమ్లాలనే మైనపు పొర ఉంటుంది. గ్రామ్ రంగు దానికి సరిగా పట్టదు. అందుకే జీల్-నీల్సెన్ పద్ధతిలో వేడి చేసి ఎర్ర రంగు ఎక్కిస్తాం. ఒకసారి ఎక్కాక ఆమ్లం పోసినా వదలదు. ఆ మైనం వల్ల చాలా మందులు లోపలికి పోవు, మింగిన తెల్ల కణంలోనే అది బతికేస్తుంది. పైగా ఒకటి రెండు కావడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. నిద్రపోతున్నవి మిగిలిపోకుండా చంపాలంటే నెలలు కావాలి. మామయ్యను మధ్యలో మానేయనివ్వకు.

పశువైద్యం, కొరాపుట్

మొదటి నుంచీ చదువుతున్నాను. నల్ల చెక్కు అనగానే ఒక హెచ్చరిక చెప్పాలనిపించింది. మన కొరాపుట్ జిల్లాలో నొప్పి లేని నల్ల చెక్కుకు ఇంకొక కారణం కూడా ఉంది: ఆంత్రాక్స్, దొమ్మ రోగం. చచ్చిన పశువును కోసిన, తోలు ఒలిచిన, ఆ మాంసం పంచుకున్న ఊళ్లలో అది మనుషులకు వస్తూనే ఉంది. స్క్రబ్ టైఫస్ చెక్కు చంక, గజ్జ లాంటి మరుగు చోట్ల ఉంటుంది. ఆంత్రాక్స్ పుండు ఎక్కువగా చేతులు, ముంజేతులు, మొహం మీద లేస్తుంది, చుట్టూ బాగా వాపు ఉంటుంది. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ‘మా ఊళ్లో పశువు చచ్చింది, నేను ముట్టుకున్నాను’ అని తప్పక చెప్పండి. అడిగే దాకా ఆగవద్దు.

ఈ బ్యాక్టీరియాకు కూడా క్యాప్సూల్ ఉంది. న్యూమోకాకస్‌ది చక్కెర, దీనిది గ్లూటమిక్ ఆమ్లంతో అల్లినది. అనుమానం వస్తే మేము పశువు చెవి దగ్గర సూదితో చుక్క రక్తం తీసి స్లైడు మీద మెథిలిన్ బ్లూ వేసి చూస్తాం. నీలం కడ్డీల చుట్టూ గులాబీ రంగు అంచు కనిపిస్తే ఆంత్రాక్స్. ఆ అంచే క్యాప్సూల్. కోసి చూసే ప్రశ్నే లేదు.

వంశధార విద్యార్థి

సార్, ఆంత్రాక్స్ అంటే బీజకవచం ఉన్న స్పోర్ అని చదివాం. క్యాప్సూల్, స్పోర్ ఒకటేనా?

పశువైద్యం, కొరాపుట్

కాదు. పశువు ఒంట్లో తిరిగేటప్పుడు క్యాప్సూల్ తొడుక్కుంటుంది, అది తెల్ల కణాల నుంచి రక్షణ. ఒంట్లోంచి బయటపడి గాలి తగిలితే స్పోర్‌గా మారుతుంది, అది ఎండ, వాన, కాలం నుంచి రక్షణ. స్పోర్ మట్టిలో దశాబ్దాలు ఉండగలదు. కళేబరాన్ని కోయకపోతే లోపల గాలి లేక, కుళ్లు పుట్టించే ఇతర బ్యాక్టీరియా చేతిలో అది చచ్చిపోతుంది. కత్తి పెట్టి రక్తం నేల మీద పారిస్తే ఆ మేత భూమికి ఏళ్ల తరబడి జబ్బు అంటగట్టినట్టే. అందుకే కోయకుండా కాల్చాలి, లేదా ఆరడుగుల లోతున పాతిపెట్టాలి అంటాం.

మల్కన్‌గిరి మిత్రుడు

సార్, కోపం తెచ్చుకోకండి. ఎద్దు చచ్చిందంటే ఆ ఇంటి ఏడాది సాగు పోయినట్టు. కనీసం మాంసమైనా దక్కాలని చూస్తారు. గంటలు గంటలు ఉడికిస్తాం, ఏ పురుగు మిగులుతుంది అంటారు. చదువుకున్నవాళ్లు వచ్చి అసహ్యంగా మాట్లాడి వెళ్తారు, దానితో ఆ తరువాత పశువు చస్తే ఎవరికీ చెప్పరు.

పశువైద్యం, కొరాపుట్

మీరన్నది అక్షరాలా నిజం, నేను కళ్లారా చూశాను. తిట్టినవాడికి ఏ ఊరూ సమాచారం ఇవ్వదు. ఆకలికి, నష్టానికి జవాబు చెప్పకుండా నిషేధం చెబితే ఎవరు వింటారు? నష్టపరిహారం వెంటనే అందాలని మేమూ పైవాళ్లను అడుగుతూనే ఉన్నాం.

ఉడికించడం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. స్పోర్లను వంటింటి మరుగు నమ్మకంగా చంపదు. అసలు ఉడికించే దాకా రాకముందే, కోసిన చేతికి గీత పడితే చాలు, అక్కడే లోపలికి పోతుంది. జబ్బు తగిలినవాళ్లలో ఎక్కువమందికి చర్మం మీదే వస్తుంది. తొందరగా వస్తే యాంటీబయాటిక్‌తో నయమవుతుంది.

కాశీపూర్ రోడ్డు

పశువులకు టీకా ఉంది కదా, మరి ఎందుకు వేయించరు?

పశువైద్యం, కొరాపుట్

ఉంది, మంచిది. 1937లో దక్షిణాఫ్రికాలో స్టెర్న్ అనే పశువైద్యుడు క్యాప్సూల్ తయారుచేసే శక్తి పోయిన రకాన్ని వేరుచేశాడు. విషం తయారీ దానికి మిగిలే ఉంది, క్యాప్సూల్ లేదు కాబట్టి పశువు ఒంట్లో నిలవలేదు. అయినా రక్షణ నేర్పిస్తుంది. ఈ రోజుకీ దాని స్పోర్లనే పశువులకు వేస్తున్నాం. జబ్బు వచ్చిన ప్రాంతంలో ఏటా, వానలకు ముందే వేయాలి. అడవిలో మేతకు వదిలిన పశువులు టీకా రోజున దొరకవు, అదే మా అసలు కష్టం. సంత రోజు చూసి, తెల్లవారకముందే ఊళ్లోకి వెళ్తే కొంత నయం.

గుణుపురం మందులకొట్టు

డాక్టరు గారూ, టీకా వేసిన వారమే పశువుకు ఏదో పుండు అని పెన్సిలిన్ ఇంజెక్షన్ కొనుక్కుపోయేవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. ఇవ్వొచ్చా?

పశువైద్యం, కొరాపుట్

ఇవ్వకండి. ఆ టీకాలో ఉన్నది బతికున్న స్పోర్. అది ఒంట్లో మొలకెత్తి కొద్ది రోజులు బతికితేనే రక్షణ వస్తుంది. పెన్సిలిన్ దాన్ని చంపేస్తుంది, టీకా వృథా. పుండు నిజంగా ముదిరితే మందు ఆపవద్దు, పశువైద్యుడికి చూపించి వేయించి, టీకా తేదీ చెప్పమనండి. ఆ పశువుకు తరువాత మళ్లీ టీకా వేస్తాం.

గుణుపురం మందులకొట్టు

సరే. కొనడానికి వచ్చినప్పుడే టీకా తేదీ అడుగుతాను. మా వైపు టీకా వేసే రోజు ముందుగా తెలిస్తే కొట్టు ముందు రాసి పెడతాను, ఒడియాలోనూ తెలుగులోనూ.